చుక్కల ముగ్గును చెరిపి కోట కట్టుకున్న తొమ్మిది వారాలు: క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో నా అనుభవం

క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఫోనులో ఆడే ఆట: ఎవరి ఊరు వారు కట్టుకుని, క్లాన్ అనే జట్టుగా చేరి ఎదుటి జట్టు ఊళ్ల మీద దాడి చేస్తారు; ఊరి కట్టడాల అమరికనే బేస్ అంటారు. 2023 జులై నెల క్లాన్ వార్ లీగ్ (క్లాన్‌ల మధ్య ఏడు రోజుల పోటీ) ముగిసిన మర్నాడు షార్జా నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, కుశల ప్రశ్నలేవీ లేకుండా, "అక్కా, నీ బేస్ గేటు లేని దొడ్డిలా ఉంది, ఎవరు పడితే వాళ్లు వచ్చి మేసి పోతున్నారు" అన్నాడు. ఆ మాటకు మనసు నొచ్చుకుంది కాని లెక్క చూసుకుంటే కాదనడానికి వీల్లేకపోయింది. ఒక్కో దాడిలో ఎదుటివారు మహా అయితే మూడు స్టార్లు గెలుచుకోగలరు; ఏడు రోజుల్లో నా మీద ఏడు దాడులు జరిగితే ఆరింటిలో మూడేసి స్టార్లు, ఒకదానిలో రెండు స్టార్లు పోయాయి. అంటే ఇరవై ఒక్క స్టార్లలో ఇరవై నేనే చేతులారా పంచిపెట్టాను. ఆ నెల మా క్లాన్ క్రిస్టల్ 3 నుంచి గోల్డ్ 1కి జారిపోయింది. అందులో నా వాటా ఎంతో ఎవరూ పైకి అనలేదు, తమ్ముడు తప్ప.

నేను కాకినాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆట మొదట తమ్ముడిది. వాడు షార్జా వెళ్లాక కొత్త ఖాతా తెరుచుకుని, పాతదాన్ని నాకు అప్పగించాడు. నా టౌన్‌హాల్ (ఊరికి ప్రధాన కట్టడం) 11వ స్థాయిలో ఉంది. దాడి చేయడం కొద్దోగొప్పో నేర్చుకున్నాను గాని, బేస్ సంగతి ఏనాడూ ఆలోచించలేదు; కొత్త కట్టడం వచ్చినప్పుడల్లా ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ పెట్టి, మిగిలిన గోడలతో చుట్టూ ప్రహరీ కట్టేదాన్ని. గోడల స్థాయి పెంచితే బేస్ గట్టిపడుతుందన్న నమ్మకంతో మూడు నెలల పాటు వచ్చిన బంగారమంతా గోడలకే పోశాను. ఆ బంగారం గురించి తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే నా మీద పడిన ఆరు త్రీ స్టార్ దాడుల్లో గోడలు ఎవరినీ పది సెకన్లకు మించి ఆపలేదు.

మొదట చేసిన పని అందరూ చేసేదే: మంచి బేస్ కొనుక్కోవడం. సామాజిక మాధ్యమాల్లో బేస్‌లు అమ్మే ఒక వ్యక్తికి జులై 15న యూపీఐలో 350 రూపాయలు పంపాను. అరగంటలో లింకు వచ్చింది, నొక్కగానే లేఅవుట్ మొత్తం నా ఎడిటర్‌లోకి దిగింది. చూడటానికి గంభీరంగా ఉంది, ఇక నిశ్చింత అనుకున్నాను. ఆగస్టు లీగ్‌లో మొదటి రెండు రోజులు రెండేసి స్టార్లతో గట్టెక్కాను కూడా. మూడో రోజు ప్రత్యర్థి ఒకరు మూడు నిమిషాల గడువులో నిమిషంన్నర ఇంకా మిగిలి ఉండగానే నూటికి నూరు శాతం తుడిచిపెట్టారు. రీప్లే చూస్తే, ఆ ఆటగాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. దాచిన టెస్లాలు (నేలలోంచి లేచే కరెంటు టవర్లు) ఎక్కడ లేస్తాయో, జెయింట్ బాంబులు ఏ సందులో ఉన్నాయో ముందే తెలిసినట్టు స్పెల్స్ (మంత్రాలు) వేశాడు. తెలిసే ఉంటుంది, నాకు అమ్మిన లేఅవుట్ ఇంకెందరికి అమ్మారో, వాళ్లమీద ఎన్ని దాడులు జరిగాయో నాకేం తెలుసు? నెల తిరిగేలోపే అదే బేస్ ఉచితంగా చేతులు మారుతూ కనిపించింది. 350 రూపాయలు పెద్ద మొత్తం కాదు గాని, ఊరంతటికీ తాళంచెవి ఉన్న ఇంటికి అద్దె కట్టినట్టయింది.

అదే లీగ్‌లో సొంత తెలివితక్కువతనం కూడా ఒకటి బయటపడింది. డ్రాగన్లతో వస్తున్నారని గమనించి నాలుగు ఎక్స్‌బోలనూ (బాణాలు కురిపించే యంత్రాలు) నేల మీదికే కాక ఆకాశంలోకి కూడా కాల్చేలా మార్చుకున్నాను. కాని మార్చింది మామూలు ఊరిలో. వార్ లేఅవుట్‌లో ఆ అమరిక వేరుగా చేసుకోవాలని నాకు తెలియదు. ఐదో రోజు ఎలక్ట్రో డ్రాగన్లు నా ఎక్స్‌బోల నెత్తి మీదుగా తీరిగ్గా ఎగురుతుంటే, అవి పంటచేలో దిష్టిబొమ్మల్లా చూస్తూ ఉండిపోయాయి. మంటలు చిమ్మే ఇన్ఫెర్నో టవర్ ఒకరినే కాల్చాలా, ఐదుగురిని కాల్చాలా అన్నదీ, ఎగిరేవారిని గాలితో వెనక్కి నెట్టే ఎయిర్ స్వీపర్ ఏ దిక్కుకు తిరిగి ఉండాలన్నదీ ఇదే విధంగా వార్ లేఅవుట్‌లో విడిగా చూసుకోవాలి. యుద్ధపు రోజు మొదలయ్యాక ఏదీ మార్చనివ్వరు కాబట్టి సన్నాహక రోజు ముగిసేలోపే చూసుకోవాలి. ఆ లీగ్‌లో ఎనిమిది దాడులకు ఐదు త్రీ స్టార్లు. మెరుగే, కాని పరువు దక్కేంత మెరుగు కాదు.

ఆగస్టు 11 నుంచి 13 దాకా మూడు రాత్రులు రీప్లేలు తప్ప మరేమీ చూడలేదు. నోటుబుక్కులో ఒక్కో దాడికి ఒక పేజీ కేటాయించి, మొదటి సైనికుడు ఏ మూల దిగాడు, హీరోలు (సైన్యంలోని ముఖ్య యోధులు) ఏ దారిన నడిచారు, దాడి ఎక్కడ నెమ్మదించింది అని రాసుకున్నాను. రెండు నెలల్లో జరిగిన పదిహేను దాడుల్లో వార్ లాగ్‌లో నాకు దొరికినవి పదకొండు. అందులో ఎనిమిది దాడులు ఆగ్నేయం మూల నుంచే మొదలయ్యాయి. ఎందుకంటే, ఈగిల్ ఆర్టిలరీ (చాలా దూరం కొట్టే ఫిరంగి), క్లాన్ క్యాసిల్ (తోటివారు పంపిన సైన్యం ఉండే కోట), నా హీరోల్లో ఒకరైన ఆర్చర్ క్వీన్ ఆ పక్కనే పక్కపక్కన ఉన్నాయి. అటునుంచి లోపలికి వస్తే మొదటి నిమిషంలోనే మూడూ చేతికి అందుతాయి. పైగా ఆ వైపు బయట కట్టడాలు రెండే ఉండటంతో వాటిని కూల్చగానే సైన్యం చెల్లాచెదురు కాకుండా తిన్నగా లోపలికి నడిచేది. మా క్లాన్ పిల్లలు దీన్నే ఫన్నెల్ అంటారు. దాడికి వెళ్లినప్పుడు నేనూ ఫన్నెల్ చేస్తాను, కాని అవతలివాడికి దాన్ని సిద్ధం చేసి పళ్లెంలో పెట్టి ఇస్తున్నానన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు.

ఇక సొంతంగానే గీద్దామని నిశ్చయించుకున్నాను. ఫోను తెరమీద వేలితో జరుపుతుంటే పక్క కట్టడం ముందుకూ వెనక్కూ జారి విసుగు పుట్టించేది కాబట్టి కాగితం మీదే చేయాలనుకున్నాను. ఊరి స్థలం 44 గడుల పొడవు, 44 గడుల వెడల్పు. అర సెంటీమీటరుకు ఒక గడి చొప్పున గీస్తే 22 సెంటీమీటర్లయింది, ఏ4 కాగితం వెడల్పు 21. రెండు గ్రాఫు కాగితాలు అతికించాను. బీరువా అడుగున దాచిన పాత శుభలేఖలను కత్తిరించి కట్టడాలు చేశాను: టౌన్‌హాల్‌కు, ఈగిల్‌కు నాలుగేసి గడుల చదరాలు, ఎయిర్ డిఫెన్స్ (ఎగిరేవాటిని కూల్చేది), ఎక్స్‌బో, విజర్డ్ టవర్, క్లాన్ క్యాసిల్ వంటి వాటికి మూడేసి గడులవి, ఇన్ఫెర్నో, టెస్లా, ఎయిర్ స్వీపర్‌లకు రెండేసి గడులవి. గోడలు మూడు వందలూ పెన్సిలుతో గీయడమే. గ్రాఫు పుస్తకానికి 45 రూపాయలు, జిగురుకు 10 రూపాయలు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు పనికొచ్చిన ఖర్చు ఈ 55 రూపాయలే.

వారం రోజుల్లో, సుమారు పదకొండు గంటల పనితో, ఒక బేస్ తయారైంది. దాన్ని చూసుకుని మురిసిపోయాను. నడిమధ్య టౌన్‌హాల్, దానికి ఆనుకుని ఈగిల్, నాలుగు వైపులా నాలుగు ఎక్స్‌బోలు, నాలుగు మూలల నాలుగు ఎయిర్ డిఫెన్స్‌లు, వాటిని కలుపుతూ గోడలు ఎటు చూసినా ఒకేలా మడతలు పడి, చుక్కలు లెక్కపెట్టి వేసిన ముగ్గులా ఉంది. ఆగస్టు 20, ఆదివారం రాత్రి పదిన్నరకు, అంటే షార్జాలో తొమ్మిదయ్యాక, క్లాన్‌లో ఫ్రెండ్లీ ఛాలెంజ్‌గా పెట్టాను. ఫ్రెండ్లీ ఛాలెంజ్‌లో ఎవరికీ సైన్యం తరగదు, ఎవరికీ స్టార్లు పోవు, కాబట్టి బేస్ పరీక్షకు అంతకన్నా మంచి మార్గం లేదు. ముగ్గురు వచ్చారు, మూడు సార్లు త్రీ స్టార్. మా క్లాన్ లీడరు రావులపాలెం కుర్రాడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. దాడి ముగించి, "బాగుందక్కా, కానీ ఒక్క పక్క చూస్తే చాలక్కా, మిగతా మూడు పక్కలూ చూసినట్టే" అని రాశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లల పేపర్లలో తప్పులకు ఎర్రగీత కొట్టే నాకు, నా కాగితం మీదే ఎర్రగీత పడేసరికి అది ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

అయిదు రోజుల తరవాత వరలక్ష్మీ వ్రతం వచ్చింది. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తుంటే అత్తయ్యగారు వెనక నిలబడి, "గడప వైపు ఆ గీత కలిపెయ్యకమ్మా, దారి వదులు, అమ్మవారు లోపలికి రావద్దూ!" అన్నారు. ముగ్గుపిండి చేతిలో పట్టుకునే నవ్వేశాను. వచ్చేవారికి దారి వదిలి, ఎటునుంచి చూసినా కన్నుల పండుగగా ఉండేలా వేసేది ముగ్గు. నేను వారం రోజులు కూర్చుని శత్రువుకు ఆ మర్యాదే చేశాను. వ్రతం, వాయనాలు, వంట అన్నీ ముగిసేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ తరవాత కాగితం మీది శుభలేఖ ముక్కలన్నీ ఊడబెరికి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి గోడల నుంచి కాక, ఒక ప్రశ్న నుంచి మొదలుపెట్టాను: దాడి చేసేవాడు ఎటునుంచి రావాలని నేను కోరుకుంటున్నాను? దానికి జవాబు దొరకాలంటే ముందు ఇంకొకటి తేల్చుకోవాలి. బేస్‌కు మూడు స్టార్లు: సగం నాశనమైతే ఒకటి, టౌన్‌హాల్ కూలితే ఒకటి, అంతా తుడిచిపెట్టుకుపోతే మూడోది. టౌన్‌హాల్‌ను ప్రాణంలా కాపాడుకుంటే రెండో స్టార్ పోకుండా మిగలవచ్చు గాని, మంచి రక్షణలన్నీ దాని చుట్టూనే చేరి, అది కూలిన క్షణంలో మిగతా ఊరు అనాథ అవుతుంది. లీగ్‌లో ఒక్కొక్కరికి రోజుకు ఒకే దాడి. నా స్థాయి వాళ్లు ఎలాగూ రెండు స్టార్లు తీస్తారు, కాబట్టి రెండోదాన్ని వదులుకుని మూడోదాన్ని పట్టుకుందామని తమ్ముడు ఎప్పటినుంచో చెబుతున్నాడు. టౌన్‌హాల్‌ను మధ్య నుంచి తీసి ఉత్తరం అంచుకు జరపడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆటలోదే అయినా, ఇంటి యజమానిని అరుగు మీద పడుకోబెట్టినట్టు అనిపించింది.

టౌన్‌హాల్ ఉత్తరానికి పోగానే మిగతావి వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. అది ఎర. దానికోసం అటునుంచి దిగిన సైన్యానికి ఈగిల్ ఆర్టిలరీ దక్షిణం వైపున, ఊరి అవతలి కొసన దొరుకుతుంది. అంటే చివరిదాకా అది కాలుస్తూనే ఉంటుంది. ఏడు గడుల లోపలికి వచ్చినవారిని ఈగిల్ కొట్టలేదు కాబట్టి దాని పక్కన ఒకరినే కాల్చే ఇన్ఫెర్నోను పెట్టాను. హీలర్ల (ఎగురుతూ గాయాలు మాన్పేవారు) అండతో నడిచివచ్చే ఆర్చర్ క్వీన్‌కు కాస్త భయమంటూ ఉంటే దానికే. ఐదుగురిని కాల్చే రెండో ఇన్ఫెర్నోను ఊరి మధ్యలో, క్లాన్ క్యాసిల్‌కు ఎదురుగా ఉంచాను. క్యాసిల్ నడుమ ఉంటే అందులోని సైన్యాన్ని అంచునుంచి ఊరించి బయటికి లాగడం కష్టం. దానిలో 35 చోట్లు. రెండు ఐస్ గోలెంలు ముప్పై తీసుకుంటాయి, మిగిలిన ఐదింటిలో ఆర్చర్లు. ఐస్ గోలెం చచ్చేటప్పుడు చుట్టూ గడ్డకట్టిస్తుంది, ఆ కొద్ది సెకన్లూ ఇన్ఫెర్నోకు పండగ.

ఎయిర్ డిఫెన్స్‌ల విషయంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. డ్రాగన్లతో వచ్చేవారు ముందుగా లైట్నింగ్ స్పెల్స్‌తో రెండు ఎయిర్ డిఫెన్స్‌లను మట్టుబెట్టి గాని డ్రాగన్లను దింపరు. ఏ రెండూ ఒకే పిడుగు కిందికి రాకుండా దూరదూరంగా పెట్టాలి, మరీ దూరమైతే ఒకదానికొకటి సాయం రావు. ఏ రెండు పోయినా చివరకు మిగిలే రెండూ పక్కపక్కనే ఉండిపోకుండా ఆరు జతలనూ కాగితం మీద కొట్టివేస్తూ చూసుకున్నాను. లెక్కల టీచరుగా నాకు ఈ ఆటలో దొరికిన ఒకే ఒక సుఖం అది. ఎయిర్ స్వీపర్లు రెండింటినీ, అందరూ చేసినట్టు చెరో దిక్కుకు కాక, రెండింటినీ ఉత్తరం వైపే తిప్పాను. వెనకనుంచి వస్తే అవి పనిచేయవన్నది నిజమే. కాని వెనకనుంచి వచ్చేవారికి టౌన్‌హాల్ ఆఖరున దొరుకుతుంది, మూడు నిమిషాలు చాలవు.

గోడలను ఈసారి ఊరి చుట్టూ కట్టనే లేదు. మూడు వందల గోడలతో చిన్నచిన్న గదులు చేసి, గది గదికీ ఒకే పొడవు లేకుండా చూశాను. నాలుగు ఎర్త్‌క్వేక్ స్పెల్స్ ఒకచోట పడితే ఎంత పెద్ద స్థాయి గోడైనా నేలమట్టమవుతుంది గనుక, ఒక్క దెబ్బకు మూడు గదులు కలిసిపోయే కూడలి ఎక్కడైనా ఉందేమోనని వెతికి చెరిపేశాను. బంగారం వంటివి తీసే కలెక్టర్లు, సైన్యం తయారయ్యే బారక్‌లు, నిల్వగదులు అన్నీ బయటికి వచ్చాయి, ఆగ్నేయంలో అన్నిటికంటే దట్టంగా. బిల్డర్ల గుడిసెలను నాలుగు మూలలకూ విసిరేశాను. చివరి అరనిమిషంలో వాటికోసం పరుగెత్తడం ఎంత చికాకో నాకు తెలుసు.

ఆగస్టు 30 రాత్రి రెండో పరీక్ష. మొదటి దాడిలోనే రావులపాలెం కుర్రాడు ఊరి నట్టనడుమ ఒక బెలూన్ (ఎగిరే సైన్యంలో ఒకటి) దింపాడు! అంచున కాదు, లోపల. కట్టడానికి చుట్టూ ఒక గడి మేర సైన్యం దింపనివ్వరు. రెండు కట్టడాల మధ్య మూడు గడుల ఖాళీ వదిలితే నడిమి గడి తెరిచిన తలుపే. ఆ ఖాళీలో జెయింట్ బాంబు పెట్టాను కదా, నిండిపోయిందనుకున్నాను. దాచిన బాంబు స్థలాన్ని కాపాడదు, కాపాడితే దాని జాడ తెలిసిపోదూ? అక్కడ రెండు గోడముక్కలు నిలబెడితే సరిపోయింది. మర్నాడు సాయంత్రం మరో ఐదు దాడులు చేయించాను. రెండు త్రీ స్టార్లు, మూడు టూ స్టార్లు. అందులో హాగ్ రైడర్లు (పందులనెక్కి గోడలు దూకి వచ్చేవారు) రెండుసార్లూ ఒకే సందులోంచి పరుగెత్తడం చూశాక, అప్పటిదాకా ఊహించి పెట్టిన స్ప్రింగ్ ట్రాప్‌లన్నీ (తొక్కినవారిని ఎగరగొట్టే ఉచ్చులు) తీసి ఆ సందులో, ఒక రక్షణకూ తరవాతి రక్షణకూ మధ్యలో పెట్టాను. సీకింగ్ ఎయిర్ మైన్‌లను (ఎగిరేవారిని వెంటాడి పేలే బాంబులు) డ్రాగన్లకు వృథా చేయకుండా, క్వీన్ వెనక హీలర్లు ఎగిరే తోవలో ఉంచాను. ట్రాప్‌లు ముందే పెట్టి కూర్చోకూడదని, జనం నడిచిన బాట చూశాకే పెట్టాలని ఆ సాయంత్రం తెలిసింది. కూర మాడింది కూడా ఆ సాయంత్రమే. మా వారు ఏమీ అనకుండా పెరుగన్నం తిని లేచారు.

సెప్టెంబరు 3న లీగ్ మొదటి యుద్ధం. నా మీద దాడి మధ్యాహ్నం దాకా రాలేదు, స్టాఫ్ రూములో ఫోను పదిసార్లు తెరిచి చూసుకున్నాను. ఎలక్ట్రో డ్రాగన్లతో ఉత్తరం నుంచి వచ్చారు, స్వీపర్ల గాలికి వెనక్కూ ముందుకూ ఊగిసలాడి 71 శాతం, రెండు స్టార్లతో ఆగిపోయారు. రెండో రోజు హాగ్ రైడర్లతో త్రీ స్టార్ పడింది. గుండె జారిపోయింది, బేస్ మొత్తం మార్చేద్దామనుకున్నాను. తమ్ముడు వారించి, ఒక్క దాడి చూసి ఊరు మార్చకు, రీప్లే చూడు అన్నాడు. చూస్తే, స్ప్రింగ్‌ల సందులోకి రాకుండా పడమటి నుంచి తిరిగి వచ్చారు. పడమట రెండు టెస్లాలు మార్చాను, అంతే. మూడో రోజు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, పిల్లల కార్యక్రమాల హడావుడిలో నా సొంత దాడి చేయడమే మరిచిపోబోయాను, పదిహేను నిమిషాల ముందు గుర్తొచ్చింది. ఆ రోజూ, ఆ తరవాతి రెండు రోజులూ రెండేసి స్టార్లు.

ఆరో రోజు జరిగిన దాడిని ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. క్వీన్‌ను హీలర్లతో ఆగ్నేయం నుంచే నడిపించారు, పాత అలవాటు ప్రకారం. బయటి కట్టడాలు దట్టంగా ఉండటంతో ఆమె గోడ వెంబడి పక్కకు తిరిగింది, మొదటి సీకింగ్ మైన్ ఒక హీలర్‌ను, రెండోది మరో హీలర్‌ను తీసుకుపోయాయి, ఇన్ఫెర్నో మంట ఆమె మీద నిలిచింది. 54 శాతం, ఒకే స్టార్. ఉత్తరం అంచున, రక్షణే లేనట్టు కూర్చున్న టౌన్‌హాల్ దాకా ఎవరూ రానేలేదు. ఏడో రోజు రెండు దాడులు: ఒక త్రీ స్టార్, ఒక టూ స్టార్, ఆ రెండోది కాలం చాలక 94 శాతం దగ్గర ఆగింది, మిగిలినవాటిలో రెండు బిల్డర్ల గుడిసెలు. మొత్తం ఎనిమిది దాడుల్లో ఇరవై నాలుగుకు పదిహేడు స్టార్లు ఇచ్చాను. క్లాన్ మళ్లీ క్రిస్టల్ 3కి చేరింది. తమ్ముడు ఆ రాత్రి ఫోన్ చేసి, దొడ్డి మాట ఎత్తకుండా, లింకు పంపమన్నాడు. పంపలేదు.

ఇప్పుడు చిక్కల్లా ఒకటే. టౌన్‌హాల్‌ను 12కు పెంచడానికి కావలసినంతా చేరి వారమైంది. పెంచితే మూడో ఇన్ఫెర్నో వస్తుంది, ఇంకొక టెస్లా వస్తుంది, టౌన్‌హాల్ నెత్తి మీదే గిగా టెస్లా అనే ఆయుధం లేస్తుంది కాబట్టి దాన్ని ఎరగా అరుగు మీద పడుకోబెట్టే లెక్క కూడా మారిపోతుంది. కొత్తవన్నీ ఎడిటర్‌లో పెట్టేదాకా ఈ లేఅవుట్‌ను అసంపూర్ణమనే చూపిస్తుంది. గ్రాఫు పుస్తకంలో ఇంకా పన్నెండు కాగితాలున్నాయి, శుభలేఖలకు కొదవ లేదు. అయినా బిల్డర్లు ఐదుగురినీ ఖాళీగా కూర్చోబెట్టి, అక్టోబరు లీగ్ దాకా ఆగుతున్నాను.